వాసన లేని పొట్లం

మా యాడి కాంచళిని ఒక్కసారి వాసన చూస్తానని నేను ఎప్పుడు అడిగినా మా బాపు ఒకటే మాట అనేవాడు.

“తీసినకొద్దీ పోతది బిడ్డా.”

యాడి అంటే మా లంబాడీల ఇళ్లలో అమ్మ. కాంచళి అంటే అద్దాలూ గవ్వలూ కుట్టిన రవిక. మా యాడి పేరు చాంది. ఆమె పోయినప్పుడు కొన్ని బట్టలు ఆమెతోనే పోయాయి, కొన్ని చుట్టాలు తీసుకుపోయారు. ఈ ఒక్క కాంచళి మాత్రం దండెం మీద, విప్పి వేసింది వేసినట్టే, ఉతక్కుండా ఉండిపోయింది. బాపు దాన్ని మడతపెట్టి రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ మొలతాడు ఎన్నిసార్లు మారిందో గానీ చెవి మాత్రం అక్కడే వేలాడుతోంది.

పెట్టె ఏడాదికి ఒక్కసారే తెరిచేవాడు, దీపావళి పొద్దున. ఆ రోజు మా తండాలో పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకుని నిప్పుల మీద నెయ్యీ, తీపన్నం వేస్తాం. అది కాగానే బాపు లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసుకునేవాడు. బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి. నన్నుగానీ, చెల్లెలు గంగను గానీ రానిచ్చేవాడు కాదు. ముగ్గురు ముక్కులు పెడితే మూడింతలు ఖర్చయిపోతుందట! చిన్నప్పుడు ఏడ్చేదాన్ని. పెద్దయ్యాక పోట్లాడేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా బాపు లక్పతి మొండిపట్టుకు తండాలో పోటీ లేదు. ఇక ఆ పండగ మా ఇంట్లో ఎలా జరిగేదో మీరే ఊహించుకోండి.

యాడి పోయేనాటికి నేను బడికి పోతున్న పిల్లను. గంగ ఇంకా పాకుతోంది. నస్రుల్లాబాద్ వైపు చెరకు కోతకు పోయిన యాడికి కత్తి జారి పిక్కలో దిగింది. రెండు పూటలు మాత్రలు మింగింది, నొప్పి తగ్గింది కదా అని ఆపేసింది. లోపల చీము పట్టింది. దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. అప్పటినుంచి గంగ నా చంకలోనే పెరిగింది. యాడి ముఖం నాకు బాగా గుర్తుంది, గొంతు కొంచెం గుర్తుంది. వాసన మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకు రాదు. పొగ వాసన అనుకుంటాను, నూనె వాసన అనుకుంటాను, అవి వట్టి మాటలు, వాసన కాదు. ఆమె ఒళ్లో తల పెట్టుకున్నప్పుడు ఏదో ఉండేది. అది కావాలి నాకు. ఇరవై నాలుగేళ్లు వచ్చినా, ఎంత చదివినా, అది కావాలనిపించని రోజు లేదు.

చదివింది కూడా ఆ గాయం గురించే అనుకోవచ్చు. ఎల్లారెడ్డిలో ఇంటర్, కామారెడ్డిలో డిగ్రీ, తర్వాత హైదరాబాదులో పరిశోధన. మందు ఒక్కసారిగా ఒలికిపోకుండా, గాయం తడిగా ఉన్నన్నాళ్లూ కొంచెం కొంచెంగా ఊరుతూ ఉంటే ఎట్లా ఉంటుంది? అదే నా పని. దానికి నేను వాడేది మన ఊక బూడిదే. ఎల్లారెడ్డి రైసుమిల్లు వెనక గుట్టలు గుట్టలుగా పోసి ఉండే బూడిద. దాన్ని కరిగించి, సబ్బులాంటి మందు కలిపి గట్టిపరచి, ఆ సబ్బును కాల్చేస్తే అది ఉన్న చోటల్లా ఖాళీ మిగులుతుంది. చూడటానికి తెల్లటి పొడి. లోపల మాత్రం ప్రతి రేణువూ తేనెపట్టులాగా గదులు గదులు. ఆ గదుల్లో వాము పువ్వు నింపుతాను. వాము నూనెలోంచి తీసే ఘాటైన పలుకులవి, పచారీ కొట్టులో దొరికేవే, బూజునూ పురుగునూ చంపుతాయి. తడి తగిలినప్పుడు రేణువు దాన్ని మెల్లగా వదులుతుంది.

“ఊక బూడిదకు గిన్నేండ్ల సదువా?” అని మా బాపు తండా అంతా విని నవ్వేలా అడిగేవాడు.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో, కొన్ని పొట్లాలు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చాను. పల్చటి గుడ్డలో కట్టిన చిన్న చిన్న పొట్లాలు. కామారెడ్డి కాలేజీలో నాకు చదువు చెప్పిన హరీష్ సార్ వాటిని బూజు పట్టిన గుడ్డల మీద పరీక్షించి చూస్తానన్నాడు. వాము నింపినవి కొన్ని, ఏమీ నింపని ఖాళీ పొడిది ఒకటి. బూజు ఆగితే అది మందు వల్ల ఆగిందా, పొడి వల్లే ఆగిందా తేలాలంటే పక్కన ఖాళీది కూడా ఉండాలి కదా. ఇంట్లో రెండు రోజులుండి వాటిని ఇచ్చి వెళ్దామనుకున్నాను. ఇంతలో సకల జనుల సమ్మె మొదలైంది. కాలేజీలు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, రైళ్లు ఆపేశారు. నేనూ నా సంచీ తండాలో చిక్కుకుపోయాం.

ఆ ఏడు వానలు వదల్లేదు. మా ఇంటి వెనక గోడ నెమ్మెక్కి నల్లబడింది. పెట్టె ఉండేది ఆ గోడకే. ఒక పొద్దున బాపు పెట్టె పక్కన గొంతుక్కూచుని మూత సందులో ముక్కు పెట్టి చూస్తున్నాడు.

“ఏంది బాపూ?”

“ఏదో వేరే తీరు వాసనొస్తున్నది. మీ యాడిది కాదు.”

నేనూ వంగాను. బూజు. ఆ వాసన నాకు రోజూ ల్యాబులో అలవాటే.

“బాపూ, జల్ది తెరువు. లోపల బూజు పట్టింది.”

దీపావళి కాకుండా ఆ పెట్టె తెరుచుకోవడం అదే మొదటిసారి. అయితే తాళం తిప్పేముందు బాపు నా వైపు తిరిగి ఏమన్నాడో తెలుసా?

“ముక్కుకు చున్నీ కట్టుకో.”

“ఏంది?”

“కట్టుకో అంటున్న. సూసుడు వరకే. పీల్చుడు లేదు.”

కడుపు మండిపోయింది. కన్నకూతురిని, దొంగను చూసినట్టు చూస్తాడా! కానీ తెరవకపోతే అసలుకే మోసం. చున్నీని రెండు మడతలు వేసి బిగించి కట్టుకున్నాను. యాడి కాంచళి నా చేతులకు జానెడు దూరంలో ఉంది. ఎర్రగుడ్డ మీద అద్దాలు మసకబారాయి. చంకల కింద, మెడ దగ్గర, సరిగ్గా ఒంటికి ఆనే చోటనే బూడిదరంగు మచ్చలు. చెమట ఇంకిన చోటే బూజుకు తిండి. వాసన ఉన్నదీ అక్కడే. కళ్లలో నీళ్లు తిరిగి చున్నీ తడిసింది.

“ఎండకేస్తే?” అన్నాడు బాపు, అని తనే తల అడ్డంగా ఊపాడు. “వద్దు, ఎండకు పోతది.”

“ఎండే లేదు గద బాపూ. నా దగ్గర మందున్నది, చూడు.” సంచిలోంచి వాము పొట్లం తెచ్చాను. “గీ పొట్లం మడతల పెడితే చాలు. బూజు ఇంక ఒక్క ఇంచి జరగది.”

బాపు పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, పాము కరిచినట్టు విసిరేశాడు. “థూ! పెండ్లివంటకు తాలింపేసినట్టున్నది. గీ వాము పడ్డదనుకో, మీ యాడి వాసన ఏడ మిగుల్తది?”

“బూజు తిన్నంక గుడ్డే ఉండది!”

“గుడ్డ పోతే పోనీ.”

“గుడ్డ పోతే వాసన దేన్ని పట్టుకొని ఉంటది, నీ మొలతాడునా?”

ఆ మాట అన్నాక ఇక ఇంట్లో ఉండలేకపోయాను. గంగ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. బాపు మూత దించి తాళం వేశాడు. నేను సంచి ఇంట్లోనే వదిలేసి, విసవిసా నడిచి ఎల్లారెడ్డి రోడ్డు మీద వంటావార్పు జరుగుతుంటే అక్కడికి పోయాను. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఊళ్లకు ఊళ్లే వండుకు తింటున్నారు. నేనూ ఉల్లిగడ్డలు కోశాను. కళ్లు తుడుచుకున్నా అక్కడ ఎవరూ ఎందుకని అడగరు. అటునుంచి అటే నాగిరెడ్డిపేటలో ఉన్న హరిచంద్ మామ ఇంటికి పోయి కొన్నాళ్లు అక్కడే ఉన్నాను. హరిచంద్ మామ యాడికి తమ్ముడు. ఆయన్ను కూడా అడిగాను, యాడి వాసన ఎట్లుండేదని. “అక్క వాసన అక్క లెక్కనే ఉండె,” అన్నాడు. చాలు పో, పెద్ద సాయం చేశావు మామా అనుకున్నాను.

ఇంటికి తిరిగొచ్చేసరికి బాపు మెత్తబడి ఉన్నాడు. నాకోసం కోడిని కోశాడు. పెట్టె సంగతి ఎత్తితే, “దాని ముచ్చట నేను సూసుకున్న తీ,” అన్నాడు. పెట్టె దగ్గర బూజు వాసన నిజంగానే తగ్గింది. ఎప్పుడో ఎండ పొడిచినప్పుడు ఆరబెట్టి ఉంటాడనుకుని ఊరుకున్నాను. సంచి విప్పి చూసుకునే పని కూడా పడలేదు. కాలేజీలు తెరిస్తే కదా!

దీపావళికి కాస్త ముందు సమ్మె ముగిసింది. రోడ్డు మీద మళ్లీ బస్సుల హారన్లు వినిపించాయి. పండగ కాగానే పోదామని బట్టలు సర్దుకున్నాను. పండగ పొద్దున వాకిట్లో నిప్పులు పరిచి, బాపు వాళ్ల తాతల పేర్లు, తర్వాత వాళ్ల అమ్మానాన్నల పేర్లు, ఆఖరికి “చాంది” అని పిలిచి నెయ్యి వేశాడు. మంట లేచింది. బాపు ఎప్పటిలాగే లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నేను ఎప్పటిలాగే మండిపడుతూ అరుగు మీద కూర్చున్నాను.

ఈసారి తలుపు వెంటనే తెరుచుకుంది. బాపు కాంచళిని రెండు చేతుల్లో పట్టుకుని వాకిట్లోకి వచ్చేశాడు. ఇన్నేళ్లలో దాన్ని గడప దాటించలేదు.

“లేదు,” అన్నాడు.

“ఏం లేదు?”

“వాసన లేదే. నువ్వు చూడు. గంగా, నువ్వు చూడు.”

ఎన్నాళ్లుగానో అడిగింది ఇప్పుడు చేతిలో పెట్టాడు. కాంచళిని ముఖానికి అదుముకున్నాను. కొత్త బూజు లేదు. పాత మచ్చలు ఎండిపోయి రాలిపోతున్నాయి. వాసన మాత్రం లేదు. ఏ వాసనా లేదు. ఎవరిదీ కాని గుడ్డలాగా ఉంది. ఒక్క అరుపు అరిచాను.

“బాపూ, ఏం పెట్టినవ్ దీన్ల?”

బాపు తల వంచుకున్నాడు. లోపలికి పోయి, పెట్టెలోంచి చిన్న పొట్లం తెచ్చి చూపించాడు. “నీ సంచిలదే. వాము లేంది. అన్నిటినీ వాసన సూసిన. గిదొక్కటే సప్పగ ఉండె. వాసన లేంది గద, మీ యాడి వాసనకు అడ్డం రాదని మడతల పెట్టిన. బూజు మాత్రం ఆగింది బిడ్డా, ఆగలేదా?”

అది ఖాళీ పొడి. గదులన్నీ ఖాళీగా, ఏది దొరికితే అది పీల్చుకుందామని కాచుక్కూర్చున్న పొడి. పెట్టెలోని తేమను తాగి బూజుకు నీళ్లు లేకుండా చేసింది, నిజమే. తేమతోపాటు దొరికిందల్లా తాగింది. వాము పొట్లం పెట్టి ఉంటే వాసన మీద వాసన పడేది, అంతే. వాసనను కాపాడదామని ఏరి ఏరి మా బాపు దాన్ని మింగేదాన్నే పెట్టాడు. ఆయన ముక్కుకు అంత భయం లేకపోతే ఆ పొట్లాన్ని ముట్టుకునేవాడే కాదు.

అరిచాను. ఏమేమి అరిచానో మళ్లీ చెప్పను. నన్ను చున్నీ కట్టుకొమ్మన్న రోజు దాకా వెనక్కి పోయి మరీ అరిచాను. బాపు నిప్పుల పక్కన కూలబడి పొట్లాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

“ఇప్పుడు మీ యాడి వాసన గీన్ల ఉన్నదా?” అన్నాడు మెల్లగా.

నా అరుపు ఆగిపోయింది. అవును కదా. వాసన ఎటు పోతుంది? మాయమై పోదు. గుడ్డలో లేదంటే పొడిలో ఉంది. నేను చదివిన చదువంతా అదే, లోపలికి పోయినదాన్ని బయటికి రప్పించడం.

“ఉన్నది బాపూ. ఎచ్చగ, తడిగ ఊపిరి ఊదితే బయటికొస్తది. నీళ్లు లోపలికి పోయి దాన్ని నూకుతయి.”

“మల్ల గుడ్డకు ఎక్కుతదా?”

“ఎక్కది. గాల్లకు పోతది.”

“ఎన్నిసార్లు వస్తది?”

“ముక్కుకు తెలిసేటట్టు ఒక్కసారే రావచ్చు. తర్వాత ఉన్నా మనకు అందది.”

గంగ నా భుజం పట్టుకుని నిలబడింది. నేను చెయ్యి చాపాను. సిగ్గులేకుండానే చాపాను. ఏడాదికోసారి ఆయన చూసుకున్నాడు. ఇన్నేళ్లు చూసుకున్నాడు. ఇక నాది కాకపోతే ఎవరిది? బాపు నా చెయ్యి చూశాడు. తర్వాత నా వెనక్కి చూశాడు.

“గంగా, ఇటు రా.”

“నాకెందుకు బాపూ?” అంది గంగ. “నాకు యాడి యాదికే లేదు గద.”

“అందుకే రమ్మంటున్న.”

“బాపూ,” అన్నాను. “ఎట్లుంటదో తెల్వనిదానికి ఇస్తే, అదేనని దానికెట్ల తెలుస్తది?”

“తెల్వనిదానికే తెల్వాలె. నీకు ఆమె ముఖం యాదున్నది, ఒడిల పండింది యాదున్నది. నేను గిన్నేండ్లు దాసింది దీనికోసమే బిడ్డా. దీని లగ్గం నాడు తీసి, ఇగో మీ యాడి గిట్ల ఉండె అని సెప్దామనుకున్న. లగ్గందాక ఆగెటట్టు లేదు.”

ఈ మాట ఏనాడైనా నాతో చెప్పాడా! చెప్పి ఉంటే నేను పోట్లాడేదాన్ని కాదేమో. పోట్లాడేదాన్నేలే, కాస్త తక్కువగా. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి నాకు ఎంత బలం కావాల్సి వచ్చిందో నాకే తెలుసు. ఆ చేత్తోనే గంగను దగ్గరికి లాక్కుని పొట్లాన్ని ఎలా పట్టుకోవాలో చూపించాను. దోసిట్లో పెట్టుకొని పెదాలు ఆనించి వెచ్చగా ఊదు, తర్వాత దోసిలి మూసి ఒక్క నిమిషం ఆగు, ఆ తర్వాత ముక్కు పెట్టు. తొందరపడకు. మధ్యలో మాట్లాడకు.

గంగ ఊదింది. దోసిలి మూసింది. బాపు ఊపిరి బిగబట్టాడు. గంగ బొటనవేళ్లు విప్పి, సందులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని పీల్చింది. ఇంకోసారి పీల్చింది. కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏందే?” అన్నాను ఆగలేక.

“ఓ, గిదా!” అంది గంగ కళ్లు తెరిచి. “గిది అక్క వాసనే గద బాపూ.”

“ఏ అక్క?”

“మన అక్కనే. సలి పెట్టినప్పుడు దీని మెడల మూతి పెట్టి పండుకుంటా గద, గప్పుడు అచ్చం గిట్లనే ఉంటది. చిన్నప్పటిసంది గిట్లనే ఉంటది.”

పొట్లాన్ని గంగ చేతుల్లోంచి లాక్కున్నాను. నేనూ ఊదాను, ముక్కుకు అదుముకుని గుండె నిండా పీల్చాను. నాకు ఏ వాసనా రాలేదు. అయిపోయి ఉండొచ్చు. లేదా, ఎవరి ఒంటి వాసన వాళ్లకు తెలియదంటారు, అదైనా అయి ఉండొచ్చు. ఇంకొకటి కూడా తోచింది. ఆ పొట్లం మొదట కొన్నాళ్లు నా సంచిలో, నా బట్టల మధ్యనే ఉంది. అది అక్కడే నా వాసన తాగి ఉంటే? అడిగితే ల్యాబులో నేను ముందు చెప్పే జవాబు అదే. అక్కడ మాత్రం నోరు విప్పలేదు.

బాపు పొట్లం కోసం చెయ్యి చాపలేదు. నిప్పుల దగ్గరినుంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. నా తలను రెండు చేతులతో పట్టుకుని, నడినెత్తిన ముక్కు ఆనించి గాలి పీల్చాడు. వదలకుండా మళ్లీ పీల్చాడు.

“ఉన్నది బిడ్డా,” అన్నాడు. “ఉన్నది.”

నేను కదలకుండా నిలబడ్డాను.